ఇరవై ఒకటో పిల్లి

మూర్తి సారూ, నమస్తే.

మీరు పోయి పది నెలలు దాటింది. పదకొండో నెల నడుస్తోంది. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదని అడగకండి... మీరున్నప్పుడే నా చేతిరాత చూసి, "ఏరా లింగయ్యా, ఇవి అక్షరాలా, తడి సిమెంటులో కోడి నడిచిందా?" అనేవారు. ఏడో తరగతి తప్పినవాడి రాత ఇంకెట్లా ఉంటుంది?

ముందు క్షేమసమాచారం. మీ పిల్లి బాగుంది. మీరు "అమ్మడూ" అని పిలిచేవారు, నేను "ఫోర్‌మన్" అని పిలిచేవాణ్ణి. ఇప్పుడు క్యాంపంతా నా పేరే నిలబడింది, ఏమనుకోకండి. తను ఏ పనీ చెయ్యకుండా, చేసేవాళ్ళను గుడ్లురిమి చూసేదాన్ని ఇంకేమని పిలుస్తారు?

కంపెనీ స్టోరులో మీ చోటికి కేరళ ఆయన ఒకరు వచ్చారు. వచ్చిన మొదటిరోజే ఫోర్‌మన్‌ని బయటికి తరిమేశారు. పిల్లి వెంట్రుకలు పడవట. ఎనిమిది రోజులు తిరక్కుండానే గ్లవ్స్ డబ్బాలో ఎలుకలు కాపురం పెట్టాయి. ఒకతను గ్లవ్ తొడుక్కోబోయి, వేళ్ళకు మెత్తగా తగిలేసరికి అరుచుకుంటూ గేటు దాకా ఉరికాడు. మర్నాడు కేరళ ఆయనే టిన్ను చేప విప్పి, ఫోర్‌మన్‌ని బతిమాలి లోపలికి పిలుచుకున్నారు. ఇప్పుడది మీ కుర్చీలోనే పడుకుంటోంది. ఆయన స్టూలు మీద కూర్చుంటున్నారు.

ఆ గ్లవ్‌లో ఎలుకపిల్లను నేనే పెట్టానని కొందరంటున్నారు. మీరు నమ్ముతారా సారూ? ...నమ్ముతారులెండి.

సరే, అసలు సంగతికి వస్తాను. చెప్పడానికి నోరు రాకనే ఇంతసేపు పిల్లి చుట్టూ తిరిగాను.

మీ నీలం అట్ట నోట్‌బుక్ నా దగ్గరే ఉంది. పాత చైనా కవులు పిల్లుల మీద రాసిన పాటలన్నీ మీరు తెలుగులో రాసుకున్న నోట్‌బుక్. మీ పెట్టె సర్దిన రోజు అందులోంచి తీసి దాచింది నేనే. మీ అమ్మాయి శారదమ్మ పది నెలల్లో నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ కనబడలేదనే చెప్పాను.

శుక్రవారం మీ గోదావరి వైపు సూరిబాబు ఊరికి పోతున్నాడు. ఇక్కడ దోహాలోనే, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో ఒక ఇంట్లో కారు నడుపుతాడే, ఆయన. సామానులో నోట్‌బుక్ ఒక్కదానికి చోటుంచమని చెప్పాను. పంపాలా వద్దా అన్నది మాత్రం నిన్నటిదాకా తేల్చుకోలేకపోయాను. ఎందుకో మీకు తెలుసా? తెలుసనే ఇప్పుడనిపిస్తోంది. అందుకే ఈ ఉత్తరం.

*

మొదలెక్కడో గుర్తుందా సారూ? కంపెనీ బస్సు దగ్గర.

పొద్దున మనవాళ్ళు బస్సెక్కే వేళకు పిల్లి అడ్డంగా దాటేది. దాటగానే మా జగిత్యాల వాళ్ళు, నిజామాబాద్ వాళ్ళు అందరూ బస్సు దిగేవారు. కాసేపు కింద కూర్చుని, సీసాల్లో నీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కేవారు. క్యాంప్ బాస్ "యల్లా యల్లా" అని గొంతు చించుకున్నా ఒక్కడు కదిలేవాడు కాదు. ఎదురొచ్చిన పిల్లికి మర్యాద చెయ్యకుండా ఇరవయ్యో అంతస్తుకు ఎవడెక్కుతాడు? వరుసగా మూడు రోజులు బస్సు ఆలస్యం. నాలుగో రోజు మీరు నా చెయ్యి పట్టుకుని వాసన చూశారు.

టిన్ను చేప వాసన. రోడ్డుకు అవతల రోజూ ఒక ముక్క పెట్టేది నేనే మరి.

"పిల్లి దాటితే దిగే వెధవలు నలభై మంది. చేప పెట్టి దాటించే వెధవ ఒక్కడు. వీళ్ళలో ఎవడు పెద్ద వెధవో నాకు తేలడం లేదురా" అన్నారు. అన్నారే గానీ ఎవరికీ చెప్పలేదు. అప్పట్నుంచే కదా నేను మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని మీ స్టోరుకు రావడం మొదలుపెట్టింది.

ఆ రోజే మన సర్వేయర్ లిన్ తన మూడుకాళ్ళ స్టాండు కోసం వచ్చాడు. చైనా మనిషి, నా ఈడువాడే, మాటకు ముందు తల ఊపుతాడు. బస్సెందుకు ఆలస్యమైందని అడిగాడు. మీరు ఇంగ్లీషులో చెప్పారు. ఆయన తీసుకున్న స్టాండు మళ్ళీ కింద పెట్టేశాడు. పిల్లి ఎదురొస్తే ఆగిపోతారా మీరు? మా దేశంలో వెనకటి కవులు పిల్లి మా ఇంటికొస్తే చాలని పాటలు రాసి వేడుకునేవారే... అన్నాడు.

మీ ముఖం అప్పుడు చూడాలి సారూ! ఊళ్ళో మీ బడి మూతపడ్డాక ఆ వెలుగు మళ్ళీ రాలేదని మీరే చెప్పారు ఒకసారి. పాఠం చెప్పే పిల్లలు లేక, బోల్టులూ హెల్మెట్లూ లెక్కబెట్టుకుంటూ ఆరేళ్ళు గడిపిన మనిషి... సొరుగులోంచి నీలం అట్ట నోట్‌బుక్ తీసి, కళ్ళజోడు తుడుచుకుని, "లిన్‌గారూ, మొదట్నుంచీ చెప్పండి" అన్నారు. తెలుగులోనే అన్నారు. ఆయనకూ అర్థమైంది!

రోజూ భోజనం వేళ అదే పని, ఒక్కో పాట తేలడానికి వారం పట్టేది. లిన్ ముందు వాళ్ళ భాషలో చదివేవాడు. గిన్నెలో గోళీలు దొర్లించినట్టుండేది. తర్వాత ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు, అందకపోతే సిమెంటు సంచి మీద బొమ్మ. మీరు తెలుగు చేసి గట్టిగా చదివేవారు. అర్థమైనా కాకపోయినా లిన్ తల ఊపేవాడు.

ఆ కవులందరికీ ఒకటే బాధ... ఇంటినిండా పుస్తకాలు, పుస్తకాల నిండా ఎలుకలు. ఒకాయన ఎదురింటి పిల్లి ఎప్పుడు ఈనుతుందా అని రోజులు లెక్కపెట్టుకుంటాడు. ఇంకొకాయన పుస్తకాలన్నీ కాపాడిన పిల్లికి చేప పెట్టే స్తోమత లేదని సిగ్గుపడతాడు. మరొకాయన కప్పుకునే దుప్పటి సగం దానికిచ్చి, రెండో సగం కోసం దాన్నే బతిమాలతాడు. "చూశావురా... వెయ్యేళ్ళ కిందటివాళ్ళు, పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు, రాజుగారి కొలువులో ఉన్నవాళ్ళు. పిల్లి ముందు మాత్రం అందరూ కూలీలే" అనేవారు మీరు.

నాకైతే అప్పుడు నవ్వొచ్చేది. పిల్లి మీద పాటేంది, దాన్ని ఎర్ర పెన్నుతో దిద్దుడేంది అని.

*

ఉప్పు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు.

వాళ్ళ దగ్గర పిల్లిని ఊరికే ఎత్తుకుపోకూడదట కదా. మంచిరోజు చూసి, పొట్లంలో ఉప్పు కట్టి, పిల్లి ఉన్న ఇంటివాళ్ళకిచ్చి, పెళ్ళికి పిల్లను అడిగి తెచ్చుకున్నట్టు తెచ్చుకోవాలట. తల్లిపిల్లి ఉంటే దానికి ఒక చేప కూడా. ఆ పాట విన్నాక మీరిక ఆగలేదు. మెస్ వెనక పుట్టిన ఎర్రపిల్లి కూనను స్టోరుకు తెచ్చుకోవాలి, తెస్తే అట్లాగే తేవాలి అని పట్టుబట్టారు.

మెస్‌లో వంట మల్లేశానిది. మా సిరిసిల్ల మనిషి. మీరు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉప్పు ప్యాకెట్ రెండు చేతులా పట్టుకుని పోయారు. పక్కన లిన్, వెనక నేను. మీరు ప్యాకెట్ చాపగానే మల్లేశం వెనక్కి ఎగిరిండు.

"కింద పెట్టుండ్రి సారూ! ఉప్పు చేతికిస్తరా ఎవలన్న? లొల్లిలయితయ్!"

ప్యాకెట్ జారి నేలమీద పగిలింది. లిన్‌కు ఏమీ అర్థం కాలేదు. వాళ్ళ పద్ధతిలో ఉప్పు చేతిలో పెట్టాలి, మన పద్ధతిలో చేతిలో పెట్టకూడదు. మల్లేశం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, లిన్ తల ఊపడం మానేశాడు. మధ్యలో పిల్లికూన మాత్రం ఒలికిన ఉప్పు నాకి ముఖం చిట్లించుకుంది.

అప్పుడు మీరు రెండో ప్యాకెట్ తెప్పించి నా వైపు తిరిగారు. "లింగయ్యా, పిల్ల తరఫున నువ్వు పట్టు. నీకూ నాకూ రోజూ ఎలాగూ కొట్లాటే. కొత్తగా వచ్చేదేముంది?"

పట్టాను. మీ చేతిలోంచి నా చేతిలోకి. మా అమ్మ చూసుంటే చీపురు తిరగేసేది. కొట్లాటలకు మాత్రం ఏ లోటూ రాలేదు మనకు! అమ్మడా ఫోర్‌మనా అని పిల్లి పేరు మీద కొట్లాట, టీలో చక్కెర మీద కొట్లాట... మాట్లాడుకోకుండా పడుకున్న రోజు మాత్రం ఒక్కటి లేదు.

*

తర్వాత లిన్‌ను కొత్త సైటుకు మార్చారు. నన్నూ అక్కడే షట్టరింగ్ చెక్కల పనికి వేశారు. మీరు మాత్రం మీ స్టోరులోనే. కాళ్ళ వాపు, మెట్లెక్కితే ఆయాసం... మీరు కదిలే పరిస్థితి లేదు. ఫోన్‌లో మాట్లాడదామంటే లిన్ బొమ్మ గీయకుండా ఒక్క ముక్క చెప్పలేడు.

నోట్‌బుక్‌లో అప్పటికి తొమ్మిది పాటలు. పదోది లేదు. మీరు రోజూ తెరవడం, తెల్లకాగితం చూడడం, మూయడం. నేనే అన్నాను కదా, పోస్ట్‌మన్ పని నేను చేస్తాను సారూ అని. పగలు ఆయన దగ్గర విని, సాయంత్రం మీకు తెచ్చిస్తానని.

మూడు పాటలు నిజంగానే తెచ్చాను. లిన్‌కూ నాకూ మధ్య సగం హిందీ, పావు ఇంగ్లీషు, రెండు అరబ్బీ ముక్కలు, మిగతాదంతా చేతులు. మీసాలు చూపిస్తే పిల్లి, పళ్ళు చూపిస్తే ఎలుక. మూడూ సక్కగనే తెచ్చాను. మీరు ప్రతి పాట పైనా "లింగయ్య తెచ్చినది" అని రాసుకునేవారు.

నాలుగోసారి లిన్‌కు కొలతల పని ఎక్కువై మాట్లాడే తీరిక దొరకలేదు. నేను ఉత్తచేతులతో బస్సు దిగాను. మీరు స్టోరు గుమ్మంలో కుర్చీ వేసుకుని, కళ్ళజోడు అప్పటికే పెట్టుకుని, పెన్ను మూత తీసి పట్టుకుని ఉన్నారు. లేదని చెప్పాలని నోరు తెరిచాను సారూ...

తెరిచిన నోట్లోంచి పాట వచ్చింది.

ఉట్టి మీద పాలు.
ఉట్టి కింద పిల్లి.
పిల్లి వెనక అమ్మ.
అమ్మ చేతిలో చీపురు.
ఎవరూ కదలరు.

చైనాది కాదు, ఏమీ కాదు. మా ఇంట్లో నా చిన్నప్పటి సంగతి. మీరు రాసుకుని, రెండుసార్లు చదువుకుని, తల పట్టుకున్నారు. "ఎవరూ కదలరు... ఎవరూ కదలరు! ఎంత మాటన్నాడ్రా మహానుభావుడు. ఆ ఒక్కమాటతో వెయ్యేళ్ళు ఆపేశాడు."

నా టీ ముక్కులోకి పోయింది.

మళ్ళీ మీరే అడిగారు. "అవున్రా, చైనాలో కూడా ఉట్టి ఉంటుందంటావా?"

"ఎందుకుండదు సారూ? పిల్లి ఉన్నకాడల్ల ఉట్టి ఉంటది" అన్నాను.

మీరు నా వంక చూశారు. ఆ చూపేమిటో నాకు ఇప్పటికీ తేలలేదు సారూ. నమ్మారా... నమ్మినట్టు చేశారా?

మొదట అది నాకు తమాషానే, ఎందుకు దాచాలి? మూర్తిసారును బోల్తా కొట్టించానని నాలో నేనే నవ్వుకున్నాను. రెండోది, మూడోది కూడా తమాషాకే. తర్వాత తమాషా పోయింది, అలవాటు మిగిలింది. సైటులో చెక్క కోస్తూ ఆలోచించేవాణ్ణి... ఈసారి సారుకు ఏం తీసుకుపోవాలి అని. కవిత్వం నాకెందుకు? కానీ మీరు గుమ్మంలో ఎదురుచూస్తూ ఉంటారాయె.

ఒకటి గుర్తుందా? భార్య చేటలో తేయాకు ఏరుకుంటూ ఉంటుంది. పిల్లి వచ్చి ఆ చేటలోనే పడుకుంటుంది. లేపడానికి మనసొప్పక ఆమె చేతులు కట్టుకుని కూర్చుంటుంది. పొద్దు పోతుంది, పని మిగులుతుంది.

తేయాకు కాదు సారూ, బీడీ ఆకు. చైనా ఆమె కాదు, మా లక్ష్మి. బీడీలు చుట్టే చేటలో పిల్లి పడుకుందని ఫోన్‌లో చెప్తే నేను ఆమెను తిట్టాను. తిట్టి, దాన్నే పాట చేసి మీకు తెచ్చాను. ఆ రోజు మీరు ఎర్ర పెన్ను ముట్టలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఈ కవి పెళ్ళాన్ని వదిలి చాలా దూరం వచ్చేసుంటాడురా" అన్నారు. నేను గిన్నె కడుక్కునే నెపంతో లేచి పోయాను.

*

ఎండాకాలం మధ్యాహ్నాలు బయట పని ఆపేసే రోజుల్లో మీరు పోయారు. కుర్చీలోనే. ఒళ్ళో ఫోర్‌మన్. అది లేవలేదు, మీరు లేవలేదు. చూసినవాళ్ళు ఇద్దరూ నిద్రపోతున్నారనుకున్నారట. నేనప్పుడు కొత్త సైటులో ఉన్నాను. ఆ రోజు మీకోసం తయారుచేసుకున్న పాట ఒకటి నోట్లో అట్లాగే ఉండిపోయింది. ఏం పాటో ఇప్పుడు ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు.

పెట్టె సర్దమని నాకే చెప్పారు. నాలుగు చొక్కాలు, ఫ్లాస్కు, జండూబామ్, తెలుగు క్యాలెండరు, కళ్ళజోడు. కింద నోట్‌బుక్. తెరిచి చూడలేదు సారూ. చూసే ధైర్యం ఎక్కడిది? రేపు చదువుకున్నవాళ్ళెవరైనా చదివి, ఇవి చైనావి కావు, ఈ ముసలాయనను ఎవడో ఆడించాడు అంటే... మీరు లేనిచోట మిమ్మల్ని చూసి నవ్విపోతే? బ్రతికుండగా మిమ్మల్ని నేను ఆడించుకున్నాను, నాది నాకు సరిపోయింది. చచ్చిపోయాక ఊరంతా ఆడించడం ఒప్పుకుంటానా?

చొక్కా లోపల దోపుకుని పట్టుకొచ్చాను.

శారదమ్మ మొదట్లో చైనా పాటల నోట్‌బుక్ దొరికిందా అని అడిగేది. నాన్న ఫోన్‌లో రోజూ దాని గురించే చెప్పేవారట. సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేయించి, వచ్చినవాళ్ళకు తలా ఒకటి ఇవ్వాలని ఆమె ఆశ. నేను "మాఫీ" అన్నాను. లేదు అన్నమాటే అరబ్బీలో అంటే అబద్ధం కొంచెం తేలిక అనిపించింది.

పోయిన నెల వాయిస్ మెసేజ్ పెట్టింది. "పాటలు లేకపోయినా పర్లేదు బాబాయ్. నాన్న చేతిరాత ఉన్న కాగితం ఒక్కటి దొరికినా చాలు."

బాబాయ్ అంది సారూ. నన్ను!

ఆ మెసేజ్ పదిసార్లు విన్నాను. తర్వాత ఫోర్‌మన్ దగ్గరికి పోయి కూర్చున్నాను. అది నన్ను పైనుంచి కిందికి చూసి, అటు తిరిగి పడుకుంది.

*

నిన్న సెలవు. లిన్‌ను ఏషియన్ టౌన్‌కు పిలిచాను. క్రికెట్ గ్రౌండు పక్క టీకొట్టులో కూర్చున్నాం. నా లెక్క ఒక్కటే... అసలువి ఏవో, నావి ఏవో ఆయన ముందు తేల్చి, నావి కొట్టేసి, మిగిలినవి శారదమ్మకు పంపాలి. మీ పేరు మీద అబద్ధం పోకూడదు.

పది నెలల తర్వాత మొదటిసారి అట్ట తీశాను. మీ అక్షరాలు... ముత్యాల్లాంటివని చెప్పను, అట్లా అంటే మీరే "పాతమాట" అని కొట్టేస్తారు. ఒకటికొకటి తగలకుండా, ఇస్త్రీ బట్టల్లా ఉన్నాయి.

నేను తెలుగులో చదవడం, చేతులతో చెప్పడం, లిన్ కొలతల పెన్సిలుతో గుర్తు పెట్టడం. వాళ్ళ పాటైతే టిక్కు, కాకపోతే సున్నా. యాభై ఏళ్ళకు దగ్గరపడ్డ ఇద్దరు మగవాళ్ళు మీసాలు దువ్వుకుంటూ మ్యావ్ మ్యావ్ అంటుంటే టీకొట్టంతా మావైపే చూసింది. చూడనీ!

మొదటి తొమ్మిదీ టిక్కులే. నేను నిజంగా తెచ్చిన మూడూ టిక్కులే. ఉట్టి దగ్గర లిన్ పడీ పడీ నవ్వి సున్నా చుట్టాడు. బీడీ ఆకు దగ్గర మాత్రం నవ్వలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. సున్నా చుట్టి, జేబులోంచి తన చిన్న పుస్తకం తీసి, దాన్ని వాళ్ళ అక్షరాల్లో రాసుకున్నాడు. వాళ్ళ ఆవిడకు పంపుతాడట. చూశారా సారూ... నా అబద్ధం ఒకటి చైనాకు ప్రయాణమై పోయింది.

నావి ఎనిమిది. అవి నాకు బాగా గుర్తు, వేళ్ళ మీద చెప్పగలను. లిన్‌వి పన్నెండు. మొత్తం ఇరవై కావాలి.

నోట్‌బుక్‌లో ఇరవై ఒకటి ఉన్నాయి.

ఆఖరిది. పైన మీ రాతలోనే "లింగయ్య తెచ్చినది" అని ఉంది. నేను తేలేదు. లిన్‌కు చదివి వినిపించాను. తల అడ్డంగా ఊపాడు. నేనూ అడ్డంగా ఊపాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ప్రతి సాయంత్రం నా పిల్లి ఎలుకను తెస్తుంది.
గుడ్డపీలికలు చుట్టి చేసిన ఎలుక.
కళ్ళజోడు పెట్టుకుని దాని తోక కొలుస్తాను,
మీసాలు లెక్కపెడతాను,
ఎంత బలిసిందో అంటాను.
పిల్లి తలెత్తుకుని వెళ్ళిపోతుంది.
రేపు తీసుకురాకపోతే ఎలాగా అని నా దిగులు.

చదివేటప్పుడు మామూలుగానే చదివాను సారూ. గుడ్డ ఎలుక ఏందో, అది తెచ్చిన పిల్లి ఎవరో బుర్రకెక్కేసరికి టీ చల్లారిపోయింది. లిన్ ముందే కనిపెట్టినట్టున్నాడు. గ్లాసు నా వైపు జరిపి, క్రికెట్ చూస్తున్నట్టు అటు తిరిగాడు.

ఎప్పట్నుంచి తెలుసు సారూ మీకు? ఉట్టి దగ్గరే తెలిసిందా? నా టీ ముక్కులోకి పోయినప్పుడా? ఈ పాట ఎప్పుడు రాశారు? నేను ఎప్పటికైనా తెరిచి చదువుతాననా... లేకపోతే చదవకూడదనా? ఊరందరినీ బోల్తా కొట్టించేవాణ్ణి నేను. నన్ను బోల్తా కొట్టించి, ఆ నవ్వు నాకు వినబడకుండా పోయారే!

నిజం చెప్పనా? కోపం వచ్చింది. పట్టలేనంత కోపం. కొట్లాడదామంటే మనిషి లేడు.

*

నోట్‌బుక్ పంపుతున్నాను. మొత్తం ఇరవై ఒకటీ. ఏదీ కొట్టెయ్యలేదు. నావి కొట్టేస్తే మీది ఎవరికర్థమవుతుంది?

నా ఎనిమిదింటి మీదా పెన్సిలుతో "ఇది లింగయ్య అబద్ధం" అని రాశాను, కోడి నడిచినట్టుగానే. ఆఖరి దాని కింద "అమ్మా, ఇది మీ నాన్నది. నాకు జవాబు" అని రాశాను. నోట్‌బుక్ పది నెలలు ఎవరు దాచారో, ఎందుకు దాచారో కూడా వెనక కాగితం మీద రాశాను. అచ్చు వేస్తుందో, చించేస్తుందో, నన్ను బాబాయ్ అనడం మానేస్తుందో... ఇక ఆమె ఇష్టం.

ఒక్కటి మాత్రం నేను తీసుకున్నాను. మీ ఇరవై ఒకటో పాట. నా చేత్తో ఎత్తి రాసుకుని, పెట్టె మూత లోపల అంటించుకున్నాను. ఇంటి నుంచి పిల్లిని తీసుకుంటే ఇంటివాళ్ళకు ఏమివ్వాలో మీరే నేర్పారు కదా. అందుకని నోట్‌బుక్ తోపాటు ఒక ఉప్పు పొట్లం కట్టాను.

సూరిబాబు నవ్వాడు. గోదావరి జిల్లాకు దోహా నుంచి ఉప్పేంటండీ, మాకు సముద్రం లేదా అన్నాడు. పోనీ దారిలో పారెయ్యనా అన్నాడు. పారేస్తే మళ్ళీ గల్ఫ్ విమానం ఎక్కవురా అని భయపెట్టాను. నమ్మాడు. మీ వైపు వాళ్ళు కూడా తేలిగ్గానే నమ్ముతారు సారూ!

ఇంకొకటి గట్టిగా చెప్పాను. అరుగు మీద పెట్టొద్దు, బల్ల మీద పెట్టొద్దు, శారదమ్మ చేతిలో పెట్టాలి అని. అట్లా ఇస్తే కొట్లాటలు వస్తాయి కదా అన్నాడు. రావాలనే అన్నాను. పది నెలల కొట్లాట బాకీ ఉన్నాను ఆ అమ్మాయికి. మీతో కొట్లాడినట్టు నాతో కొట్లాడే మనిషి ఒకరుండాలి కదా.

ఫోర్‌మన్‌కు రోజూ చేప పెడతాను. బస్సు ముందు మాత్రం పెట్టను... సరే, ఎప్పుడైనా ఒక్కసారి.

రేపు తీసుకురాకపోతే ఎలాగా అని దిగులన్నారు కదా. ఇదిగో సారూ, తెచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని తోక కొలవండి.

మీ గుడ్డ ఎలుకల
లింగయ్య